కారుకు ఏ ఇంజన్ ఆయిల్? ఎండను చూసి కాదు, మాన్యువల్ చూసి ఎంచుకోండి

ఏప్రిల్, మే నెలలు వచ్చాయంటే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మెకానిక్ షెడ్ల దగ్గర ఒక మాట తరచూ వినిపిస్తుంది. ‘‘ఎండలు మండిపోతున్నయి, ఈసారి కొంచెం చిక్కటి ఆయిల్ వెయ్యి భాయ్.’’ ఎండ ఎక్కువైతే ఆయిల్ పల్చబడుతుందని, పల్చబడితే ఇంజన్ పాడవుతుందని, కాబట్టి చిక్కటిదే మంచిదని చాలామంది నమ్మకం. వినడానికి సబబుగానే ఉంటుంది. కొత్త కార్ల విషయంలో మాత్రం ఇది తప్పు లెక్క.

ఈ మూడు జిల్లాల్లో కారు ఇప్పుడు షోకు వస్తువు కాదు. గల్ఫ్‌లో పనిచేసే కొడుకును శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో దించి రావాలన్నా, హజ్‌కు వెళ్లే పెద్దలను సాగనంపాలన్నా, అమ్మను కర్నూలు ఆస్పత్రికి తీసుకెళ్లాలన్నా, వలీమాకు ఇంటిల్లిపాదీ కదలాలన్నా బండే దిక్కు. కొందరికైతే ఆ బండే కూలీ, ఆ బండే కిస్తీ. ఇంజన్ బోరుకొచ్చిందంటే నెలల సంపాదన పోతుంది. ఆ నష్టాన్ని చాలావరకు తప్పించేది మూడున్నర లీటర్ల ఆయిల్. అది సరైనదేనా కాదా తెలుసుకోవడానికి మెకానిక్ కానక్కర్లేదు, డబ్బా మీద రాసింది చదవడం వస్తే చాలు.

ఆయిల్ ఇంజన్‌లో ఏం చేస్తుంది?

ఇంజన్‌లో ఇనుము మీద ఇనుము నేరుగా రుద్దుకోకుండా మధ్యలో సన్నటి పొరలా నిలబడటం ఆయిల్ మొదటి పని. అదొక్కటే కాదు. పిస్టన్ దగ్గర పుట్టే వేడిని కొంత మోసుకొస్తుంది. మసిని, మడ్డిని తనలో కలుపుకొని ఫిల్టర్ దాకా తెస్తుంది. తుప్పు పట్టనివ్వదు. రింగులకూ సిలిండర్‌కూ మధ్య ఉన్న సందును మూసి ఉంచుతుంది. ఈ తరం ఇంజన్లలో ఇంకో పని కూడా చేస్తుంది. వాల్వులు తెరుచుకునే సమయాన్ని ముందుకు వెనక్కు జరిపే యంత్రాంగం ఆయిల్ ప్రెషర్‌తోనే నడుస్తుంది. అంటే ఆయిల్ చిక్కదనం ఎంతుండాలో లెక్కవేసుకునే ఇంజన్‌ను తయారుచేస్తారు. ఆ లెక్కను షాపు దగ్గర నిలబడి మార్చేస్తే ఇబ్బంది అక్కడే మొదలవుతుంది.

5డబ్ల్యూ-30 అంటే ఏంటి?

డబ్బా మీద పెద్దగా కనిపించే 0డబ్ల్యూ-16, 5డబ్ల్యూ-30, 15డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50 వంటివి చిక్కదనం గ్రేడ్లు. వీటిని నిర్ణయించేది అమెరికాలోని ఇంజనీర్ల సంస్థ ఎస్‌ఏఈ. ఈ తరహా వర్గీకరణను అది 1911లో మొదలుపెట్టింది. ఇప్పుడు ప్రపంచమంతా ఇదే వాడుతోంది.

‘డబ్ల్యూ’ అంటే వింటర్, చలికాలం. దాని ముందున్న అంకె గడ్డకట్టే చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. 0డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 35 డిగ్రీల దగ్గర, 5డబ్ల్యూను మైనస్ 30 దగ్గర, 15డబ్ల్యూను మైనస్ 20 దగ్గర, 20డబ్ల్యూను మైనస్ 15 దగ్గర పరీక్షిస్తారు. అంకె తగ్గేకొద్దీ చలిలో ఆయిల్ పల్చగా ఉంటుందని అర్థం.

రెండో అంకె ఇంజన్ బాగా వేడెక్కాక ఆయిల్ ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. ఈ కొలతను 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర తీస్తారు. ద్రవాల చిక్కదనాన్ని సెంటీస్టోక్స్ అనే ప్రమాణంలో కొలుస్తారు. ఆ వేడిలో 20 గ్రేడ్ ఆయిల్ 6.9 నుంచి 9.3 సెంటీస్టోక్స్ మధ్య ఉండాలి. 30 గ్రేడ్ 9.3 నుంచి 12.5 మధ్య, 40 గ్రేడ్ 12.5 నుంచి 16.3 మధ్య, 50 గ్రేడ్ 16.3 నుంచి 21.9 మధ్య ఉండాలి.

అంటే 16 గ్రేడ్, 50 గ్రేడ్ ఆయిళ్లలో ఒకటి మంచిది, ఇంకోటి చెడ్డది అని కాదు. రెండూ వేర్వేరు కొలతల చెప్పుల్లాంటివి. ఏ కాలికి ఏది పడుతుందన్నదే ప్రశ్న.

మన ఎండకు చిక్కటి ఆయిల్ కావాలా?

మే నెలలో మన దగ్గర ఎండ 43, 44 డిగ్రీలకు చేరడం మామూలే. కానీ ఇంజన్ లోపలి వేడి ముందు అది ఎంత? నడుస్తున్న ఇంజన్‌లో కూలెంట్ సుమారు 90 డిగ్రీల దగ్గర ఉంటుంది. హైవే మీద ఆయిల్ 100 డిగ్రీల అటూఇటూ ఉంటుంది. బయట 20 డిగ్రీలున్నా 44 ఉన్నా లోపలి వేడి దాదాపు ఒకే తీరున ఉండేలా థర్మోస్టాట్, రేడియేటర్, ఫ్యాన్ కలిసి చూసుకుంటాయి. ఆయిల్ రెండో అంకెను 100 డిగ్రీల దగ్గర కొలిచే పెట్టారు కాబట్టి, పాలమూరు ఎండ ఆ లెక్కలో ముందే కలిసిపోయింది.

ఎండాకాలం బండి వేడెక్కుతోందంటే చూడాల్సింది కూలెంట్ తగ్గిందా, రేడియేటర్ మూసుకుపోయిందా, ఫ్యాన్ తిరుగుతోందా, థర్మోస్టాట్ పనిచేస్తోందా అని. చిక్కటి ఆయిల్ పోస్తే ఆ జబ్బు నయం కాదు. పైగా రుద్దుడు పెరిగి వేడి ఇంకొంచెం ఎక్కువవుతుంది.

అసలు నష్టం పొద్దున్నే సెల్ఫ్ కొట్టినప్పుడు జరుగుతుంది. రాత్రంతా ఆయిల్ కిందికి జారి చాంబర్‌లో ఉంటుంది. స్టార్ట్ చేసిన తొలి క్షణాల్లో అది పైనున్న క్యామ్‌షాఫ్ట్ దాకా ఎక్కాలి. నీడలో నిలబెట్టిన బండిలో కూడా ఆయిల్ 40 డిగ్రీలు ఉందనుకుందాం. ఆ వేడిలో మామూలుగా దొరికే 20డబ్ల్యూ-50 ఆయిల్, 0డబ్ల్యూ-16 కంటే సుమారు నాలుగు రెట్లు చిక్కగా ఉంటుంది. పల్చటి ఆయిల్ కోసం చేసిన సన్నటి దారుల్లోకి దాన్ని తోయడం పంపుకు కష్టం. ఆయిల్ అందేలోపు పై భాగాలు పొడిగా తిరుగుతాయి. మన దగ్గర మంచు పడకపోయినా మొదటి అంకె పనికొచ్చేది ఇందుకే.

మారుతి డ్యూయల్‌జెట్ కె-సిరీస్ ఇంజన్లకు కంపెనీ 0డబ్ల్యూ-16 వంటి నీళ్లలా కనిపించే ఆయిల్ చెబుతుంది. దాన్ని చూసి ‘ఇది ఆయిలేనా’ అని అనుమానపడేవాళ్లు ఉన్నారు. ఆ ఇంజన్‌లో సందులు, ఆయిల్ పంపు, రింగులు అన్నీ దానికి తగ్గట్టే చేశారు. అనుమానంతో 20డబ్ల్యూ-50 పోస్తే మైలేజీ తగ్గుతుంది, పికప్ మందగిస్తుంది.

తిరగేసి చేసినా తప్పే. 15డబ్ల్యూ-40 వాడమని చెప్పిన పాత డీజిల్ ఇంజన్‌లో ‘కొత్తది, ఖరీదైనది కదా’ అని 0డబ్ల్యూ-20 పోస్తే పొర పల్చనై ప్రెషర్ పడిపోతుంది, ఆయిల్ తాగడం మొదలవుతుంది.

కొన్ని కార్ల మాన్యువల్‌లో బయటి వాతావరణాన్ని బట్టి రెండు మూడు గ్రేడ్లు చూపించే చార్టు ఉంటుంది. అలాంటి బండికి వేడి ప్రాంతాల వరసలో రాసినదాన్ని తీసుకోవచ్చు. చార్టులో లేని గ్రేడ్‌కు మాత్రం వెళ్లొద్దు.

రెండో గుర్తు: ఎస్, సీ అక్షరాలు

చిక్కదనం సరిపోతే సరిపోదు, నాణ్యత కూడా చూడాలి. దాన్ని చెప్పేది అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్, అంటే ఏపీఐ ఇచ్చే అక్షరాలు. ‘ఎస్’తో మొదలైతే పెట్రోల్ ఇంజన్‌కు, ‘సీ’తో మొదలైతే డీజిల్‌కు.

పెట్రోల్ వరసలో ఎస్‌ఎన్ 2010లో, ఎస్‌పీ 2020లో, ఎస్‌క్యూ 2025లో వచ్చాయి. రెండో అక్షరం ముందుకు పోయేకొద్దీ ఆయిల్ కొత్త తరానిది. మాన్యువల్‌లో ఎస్‌ఎన్ అని ఉంటే ఎస్‌పీ వేయొచ్చు. ఎస్‌పీ అని ఉన్నచోట ఎస్‌ఎన్ వేయకూడదు.

టర్బో పెట్రోల్ కార్లున్నవాళ్లు దీన్ని మరింత జాగ్రత్తగా చూడాలి. హ్యుందాయ్ వెన్యూ టర్బో జీడీఐ, మహీంద్రా ఎక్స్‌యూవీ 3ఎక్స్‌ఓ టీజీడీఐ వంటి ఇంజన్లలో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకే చిమ్ముతుంది. తక్కువ వేగంలో ఎక్కువ బరువు లాగేటప్పుడు ఇలాంటి ఇంజన్లలో స్పార్క్ ఇవ్వకముందే ఇంధనం అంటుకునే ప్రమాదం ఉంది. అది ముదిరితే పిస్టన్ పగలొచ్చు. దీన్ని తగ్గించేలా రసాయనాలు మార్చి తెచ్చినవే 2018లో వచ్చిన ఎస్‌ఎన్ ప్లస్, ఆ తర్వాతి ఎస్‌పీ. పాత ఎస్‌ఎల్, ఎస్‌ఎం డబ్బా చవగ్గా దొరికినా ఈ బండ్లకు పనికిరాదు.

డీజిల్ వరసలో సీఐ-4 2002లో, సీజే-4 2006లో, సీకే-4 2016లో వచ్చాయి. చాలా డబ్బాల మీద సీ, ఎస్ రెండు వరసల అక్షరాలూ ఉంటాయి. మీ బండికి చెప్పిన అక్షరం వాటిలో ఉందా లేదా చూడాలి.

బీఎస్6 డీజిల్ బండి ఉంటే

దేశమంతటా 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 నిబంధనలు అమలయ్యాయి. అప్పటి నుంచి ఇన్నోవా క్రిస్టా, క్రెటా వంటి డీజిల్ కార్ల సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్ వచ్చింది. దాన్ని డీపీఎఫ్ అంటారు. అందులో చేరిన మసిని బండి అప్పుడప్పుడూ తనంతట తానే కాల్చేసుకుంటుంది. అయితే ఇంజన్ ఆయిల్‌లోని కొన్ని రసాయనాలు కాలితే బూడిద మిగులుతుంది. మసి కాలిపోతుంది కానీ బూడిద కాలదు. అది పేరుకుంటూ పోయి ఫిల్టర్‌ను మూసేస్తుంది. కొత్త ఫిల్టర్ చాలా ఖరీదు.

అందుకే ఈ బండ్లకు బూడిద తక్కువ వచ్చే ఆయిల్ వాడాలి. డబ్బా మీద యూరప్ సంస్థ ఏసీఈఏ ఇచ్చే సీ2, సీ3, సీ5 వంటి గుర్తుల్లో మాన్యువల్ చెప్పింది ఉందా చూడాలి. ఊళ్లలో ట్రాక్టర్ కోసం తెచ్చిన 15డబ్ల్యూ-40 క్యాన్‌లో మిగిలింది కారుకు పోసే అలవాటు కొందరికి ఉంది. పాత బొలెరోకు అది నడిచి ఉండొచ్చు. డీపీఎఫ్ ఉన్న బండికి నడవదు.

ఇంకో సంగతి. డీపీఎఫ్ శుభ్రపడాలంటే బండి కొంతసేపు ఆగకుండా ఒకే వేగంతో నడవాలి. గద్వాల బజారులోనే తిరిగే డీజిల్ కారుకు ఆ అవకాశం రాదు. మధ్యలో ఆగిపోయిన ప్రతిసారీ కొంత డీజిల్ జారి ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ తగ్గకుండా పెరుగుతూ కనిపిస్తే సంతోషించకండి, ఆయిల్‌లో డీజిల్ కలుస్తోందని దానర్థం. వెంటనే సర్వీస్ సెంటర్‌లో చూపించాలి. అప్పుడప్పుడూ ఎర్రవల్లి చౌరస్తా దాటి 44వ నంబరు హైవే మీద 20 నిమిషాలు నడిపితే ఈ బాధ తగ్గుతుంది.

మినరల్, సెమీ సింథటిక్, సింథటిక్

ముడి చమురును శుద్ధి చేసి తీసేది మినరల్ ఆయిల్. దాన్ని ఇంకా లోతుగా శుద్ధి చేసి, లేదా రసాయన పద్ధతిలో తయారుచేసి అమ్మేది సింథటిక్. రెండూ కలిపితే సెమీ సింథటిక్. సింథటిక్ ఎక్కువ వేడిని తట్టుకుంటుంది, త్వరగా మడ్డి కట్టదు. 0డబ్ల్యూ-16, 0డబ్ల్యూ-20 వంటి పల్చటి గ్రేడ్లు ఈ రకంలోనే వస్తాయి.

అలాగని ‘ఫుల్లీ సింథటిక్’ అన్న మాటే సరిపోదు. గ్రేడ్ తప్పైన సింథటిక్ కంటే గ్రేడ్, అక్షరం రెండూ సరిపోయిన సెమీ సింథటిక్ మేలు. బ్రాండ్ మాట కూడా ఇంతే. ఇండియన్ ఆయిల్ వాళ్ల సర్వో, భారత్ పెట్రోలియం వాళ్ల మ్యాక్, హెచ్‌పీ, క్యాస్ట్రాల్, షెల్, గల్ఫ్, వాల్వోలిన్, ఏదైనా కావచ్చు. మాన్యువల్‌లోని గ్రేడ్, అక్షరం డబ్బా మీద ఉంటే వాడుకోవచ్చు.

సెకండ్ హ్యాండ్ బండికి మాన్యువల్ లేకపోతే?

ఈ జిల్లాల్లో చాలా కుటుంబాల మొదటి కారు సెకండ్ హ్యాండ్‌దే. హైదరాబాద్ నుంచో కర్నూలు నుంచో కొనుక్కొస్తారు. బండితో పాటు పుస్తకం రాదు. అప్పుడు ఇలా చేయొచ్చు.

మొదట ఆర్సీ చూడాలి. బండి తయారైన నెల, సంవత్సరం, ఇంధనం, బీఎస్4నా బీఎస్6నా అన్నది అందులో ఉంటాయి. ఒకే పేరున్న కారులో ఇంజన్ మధ్యలో మారి ఉండొచ్చు. ‘స్విఫ్ట్‌కు ఏ ఆయిల్’ అని అడిగితే జవాబు ఒక్కటి రాదు. ఏ సంవత్సరం, పెట్రోలా డీజిలా అన్నది చెప్పాలి.

తర్వాత కంపెనీ వెబ్‌సైట్ చూడాలి. చాలా కంపెనీలు మాన్యువల్‌ను అక్కడ ఉచితంగా ఇస్తున్నాయి. కొన్ని బండ్లలో ఆయిల్ పోసే మూత మీదే గ్రేడ్ అచ్చేసి ఉంటుంది. ఏదీ దొరక్కపోతే చాసిస్ నంబరు చెప్పి ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌ను అడగాలి.

కొన్న రోజునే ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్పించడం మంచిది. ముందు వాళ్లు ఏం పోశారో, ఎప్పుడు పోశారో ఎవరికీ తెలియదు. ఆ రోజు నుంచి కిలోమీటర్ రీడింగ్ ఒక చీటీ మీద రాసి పెట్టుకుంటే లెక్క తప్పదు.

ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి?

చాలా పెట్రోల్ కార్లకు కంపెనీలు 10,000 కిలోమీటర్లు లేదా 12 నెలలు, ఏది ముందైతే అది అని చెబుతాయి. ఇందులో రెండో భాగాన్ని మర్చిపోతుంటారు. బండి ఏడాదిలో 3,000 కిలోమీటర్లే తిరిగినా ఆయిల్ మార్చాల్సిందే. నిలబడిన బండిలోనూ ఆయిల్ గాలి, తేమ తగిలి పాతబడుతుంది.

మాన్యువల్‌లో చిన్న అక్షరాల్లో ఇంకో షరతు ఉంటుంది. కఠినమైన వాడకమైతే ముందే మార్చాలని. దుమ్ము రోడ్లు, ఎక్కువ బరువు, ఘాట్ ఎక్కడం, ఏసీ వేసి నిలబెట్టడం, రోజూ నాలుగైదు కిలోమీటర్ల తిరుగుడు, ఇవన్నీ దాని కిందికే వస్తాయి. మన మూడు జిల్లాల వాడకం చాలావరకు ఇదే.

వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ 2016 అక్టోబర్ 11న జిల్లా కేంద్రాలయ్యాక కలెక్టరేట్ పనికి మహబూబ్‌నగర్ దాకా పోవడం తప్పింది. ఇంటి నుంచి ఆఫీసుకు, బడికి, మార్కెట్‌కు తిరిగే చిన్న దూరాలే ఎక్కువ. అంత తక్కువ దూరంలో ఇంజన్ పూర్తిగా వేడెక్కదు. లోపల చేరిన తేమ, పెట్రోల్ ఆవిరి బయటకు పోకుండా ఆయిల్‌లోనే కలుస్తాయి.

నాగర్‌కర్నూల్ వైపు వాళ్లది వేరే కథ. అచ్చంపేట దాటి మన్ననూరు నుంచి నల్లమల మీదుగా శ్రీశైలం దారి పట్టారంటే ఏడుగురు మనుషులు, పైన సామాను, ఎత్తుపల్లాలు. ఇంజన్ మీద బరువు పడుతుంది. ఆయిల్ అడుగంటి ఉంటే ఎత్తులో, మలుపుల్లో చాంబర్‌లోని ఆయిల్ ఒక పక్కకు ఒరిగి పంపుకు గాలి అందే ప్రమాదం ఉంది. అడవి దారిలో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ కూడా ఉండదు. బయలుదేరే ముందు రెండు నిమిషాలు డిప్‌స్టిక్ చూసుకోవడం మేలు.

పొలం దారుల్లో, కంకర రోడ్ల మీద తిరిగేవాళ్లు ఎయిర్ ఫిల్టర్‌ను కూడా చూసుకోవాలి. దాని గుండా దూరిన దుమ్ము చివరికి ఆయిల్‌లో చేరి గరుకు కాగితంలా ఇంజన్‌ను అరగదీస్తుంది. ఇలాంటి వాడకంలో మాన్యువల్ ఏం చెప్పిందో చూసి, గడువును సగానికి తగ్గించుకోవడం చాలామంది పాటించే పద్ధతి.

చవకది నిజంగా చవకేనా?

ఒక చిన్న లెక్క వేద్దాం. ధరలు ఉదాహరణ కోసమే. సరైన సింథటిక్ ఆయిల్, ఫిల్టర్, కూలీ కలిపి 3,000 రూపాయలు అనుకుందాం. 10,000 కిలోమీటర్లు నడిస్తే కిలోమీటరుకు 30 పైసలు. గ్రేడ్ కుదరని చవక ఆయిల్‌తో అదే పని 1,800కు అయి, 5,000 కిలోమీటర్లకే మళ్లీ మార్చాల్సి వస్తే కిలోమీటరుకు 36 పైసలు. చవకదే ఎక్కువ పడింది.

ఇప్పుడు పెట్రోల్ లెక్క. లీటరు 108 రూపాయలు, మైలేజీ 18 అనుకుంటే కిలోమీటరుకు 6 రూపాయలు. అవసరం లేని చిక్కటి ఆయిల్ వల్ల మైలేజీ రెండు శాతం తగ్గిందనుకున్నా కిలోమీటరుకు సుమారు 12 పైసలు అదనం. 10,000 కిలోమీటర్లకు దాదాపు 1,200 రూపాయలు. డబ్బా దగ్గర మిగిలిందనుకున్న డబ్బు పెట్రోల్ బంకులో పోయింది. బండి మీద బతికేవాళ్లు ఈ లెక్క తప్పక వేసుకోవాలి.

నకిలీని ఎలా పట్టాలి?

పేరున్న బ్రాండ్ల ఖాళీ డబ్బాల్లో నాసిరకం ఆయిల్, ఒక్కోసారి వాడేసిన ఆయిల్‌నే వడగట్టి నింపి అమ్మే మోసం దేశమంతా ఉంది. కొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి.

- మూత సీల్, లోపలి రేకు చెక్కుచెదరకుండా ఉండాలి. బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, ఎంఆర్‌పీ స్పష్టంగా, చెరిగిపోకుండా ఉండాలి.
- క్యూఆర్ కోడ్ ఉంటే ఫోన్‌తో స్కాన్ చేసి చూడాలి.
- ఎంఆర్‌పీ మీద సగానికి సగం తగ్గిస్తున్నారంటే అనుమానించాలి.
- డబ్బా మీ కళ్ల ముందే తెరవాలి. లూజ్ ఆయిల్ వద్దు.
- పని అయ్యాక ఖాళీ డబ్బాకు చిల్లు పెట్టాలి. అది మళ్లీ నిండి ఇంకొకరి బండిలోకి పోకుండా ఉంటుంది.
- బిల్లు తీసుకోవాలి. వారంటీ ఉన్న బండికి బయట ఆయిల్ మార్పిస్తే ఆ బిల్లే మీ ఆధారం. మోసపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.

మంచి మెకానిక్ ఇవన్నీ అడిగితే కోపగించుకోడు. మన ఊళ్లలో నమ్మకంగా పనిచేసే ఉస్తాద్‌లు చాలామంది ఉన్నారు. మాన్యువల్ పేజీ ఫోన్‌లో ఫొటో తీసి చూపిస్తే వాళ్లకూ పని తేలిక.

డిప్‌స్టిక్ చూడటం ఇలా

బండిని సమతలంగా నిలబెట్టి, కాస్త నడిపాక ఇంజన్ ఆపాలి. ఐదు నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ తీసి గుడ్డతో తుడవాలి. మళ్లీ పూర్తిగా దూర్చి తీసి చూడాలి. ఆయిల్ కింది గీతకూ పై గీతకూ మధ్య ఉండాలి. నెలకోసారి, దూర ప్రయాణానికి ముందు ఒకసారి చూస్తే చాలు. ఇంట్లో ఎవరైనా చేయగలిగిన పని ఇది.

తక్కువైతే అదే గ్రేడ్ కొంచెం కొంచెంగా పోయాలి. పై గీత దాటించొద్దు. ఎక్కువైన ఆయిల్‌ను క్రాంక్‌షాఫ్ట్ మజ్జిగలా చిలికి నురగ చేస్తుంది. నురగతో ప్రెషర్ నిలవదు. సీళ్లు కూడా లీకవుతాయి.

రంగు చూసి కంగారు పడొద్దు. డీజిల్ బండిలో ఆయిల్ మార్చిన కొద్ది రోజులకే నల్లబడటం మామూలే, మసిని పట్టుకుంటోందని అర్థం. టీ రంగులో, మీగడలా కనిపిస్తే మాత్రం కూలెంట్ కలిసిందేమో అనుమానించి, నడపకుండా మెకానిక్‌ను పిలవాలి.

డ్యాష్‌బోర్డు మీద చిరాగ్ లాంటి ఎర్ర గుర్తు వెలిగితే అది ఆయిల్ ప్రెషర్ హెచ్చరిక. ‘ఇంకో పది కిలోమీటర్లు పోతే ఇల్లొస్తుంది’ అనుకోకూడదు. బండి పక్కకు తీసి ఇంజన్ ఆపేయాలి. ప్రెషర్ లేకుండా నడిపితే నిమిషాల్లో ఇంజన్ సీజ్ కావొచ్చు. టోయింగ్ ఖర్చు దాని ముందు లెక్కలోకి రాదు.

మిగిలిన ఆయిల్, తీసేసిన ఆయిల్

కారుకు పోయగా మిగిలిన అర లీటరును బైక్‌లో పోయొద్దు. చాలా బైకుల్లో క్లచ్ అదే ఆయిల్‌లో మునిగి ఉంటుంది. కారు ఆయిల్‌లోని జారుడు రసాయనాల వల్ల క్లచ్ పట్టు తప్పుతుంది. బైక్ డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. మిగిలిన కారు ఆయిల్‌ను మూత బిగించి, తర్వాత తగ్గినప్పుడు పోసుకోవడానికి దాచుకోవాలి.

తీసేసిన నల్ల ఆయిల్ 2016 నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. దాన్ని మోరీలో పోస్తే చెరువులోకో, కాలువలోకో చేరుతుంది. తలుపులకు, మంచాలకు పూసే అలవాటూ మంచిది కాదు. అందులో క్యాన్సర్ కలిగించగల పదార్థాలు ఉంటాయి, చేతికి అంటితే సబ్బుతో కడుక్కోవాలి. రీసైక్లింగ్‌కు ఇచ్చే గ్యారేజీలో వదిలేయడమే సరైన పద్ధతి.

షాపుకు వెళ్లే ముందు

ఈ ఐదు సంగతులు ఒక చీటీ మీద రాసుకుని వెళ్లండి.

1. బండి పేరు, తయారైన సంవత్సరం, పెట్రోలా డీజిలా, బీఎస్ ఎంత.
2. మాన్యువల్ చెప్పిన గ్రేడ్. ఉదాహరణకు 5డబ్ల్యూ-30.
3. ఏపీఐ అక్షరాలు, డీజిల్ బండికి ఏసీఈఏ గుర్తు కూడా.
4. ఎన్ని లీటర్లు పడుతుంది. చిన్న పెట్రోల్ కార్లలో చాలావాటికి 3 నుంచి 3.5 లీటర్లు సరిపోతాయి.
5. ఈ రోజు కిలోమీటర్ రీడింగ్.

షాపులో ‘ఎండాకాలం కదా, చిక్కటిది తీసుకోండి’ అంటే ఆ చీటీ చూపించి, ‘దీని మీద రాసిందే ఇవ్వండి’ అని అడగండి.